ముసలాయన రైఫిలుకు కొత్త గొట్టం

అబుదాబి శివారు ముసఫాలో మా వర్క్‌షాపు షట్టర్ ఆ ఉదయం సగం వరకే ఎత్తి ఉంది. నేను వంగి లోపలికి వెళ్లేసరికి మిస్త్రీ స్టూలు మీద కూర్చుని పాలు లేని సులేమానీ టీ తాగుతున్నాడు. అతని ముందు వైస్‌లో ముసలాయన రైఫిలు బిగించి ఉంది. కర్ర భాగం విప్పి బల్ల మీద పెట్టాడు. ఇనుప ఒళ్లు పాతదే. గీతలు పడి, రంగు పోయి, నాకు బాగా తెలిసినదే. దానికి బిగించిన గొట్టం మాత్రం కొత్తది. నూనె పట్టి నల్లగా మెరుస్తోంది.

పాత గొట్టం నేల మీద, పరిచిన గోనెసంచి మీద ఉంది.

"ఎవరు మార్చమన్నారు?" అన్నాను.

"ఎవురూ అన్లే సార్."

"మరి?"

"మార్చేసినా. అయిపాయ. ఖలాస్."

గ్లాసు కింద పెట్టాడు. పెట్టేటప్పుడు అడుగు బల్లకి రెండుసార్లు తగిలి టకటకలాడింది. అతని చేయి వణకడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. లేత్ మిషన్ మీద పనిచేసేవాడి చేయి వణికితే పని ఉండదు.

మర్నాడు అతను చెన్నై విమానం ఎక్కాలి. మూడేళ్ల తరవాత మొదటి సెలవు. పాస్‌పోర్టు మా ముదీర్ దగ్గర ఉంది. ఆ రోజుల్లో అందరి పాస్‌పోర్టులూ యజమానుల దగ్గరే ఉండేవి. దాన్నీ టికెట్టునూ ముదీర్ ఆ ఉదయం స్వయంగా తెచ్చి ఇస్తానన్నాడు. వాళ్ల నాన్నని కూడా వెంట తెస్తున్నాడు. బయల్దేరామని డ్రైవర్ అప్పటికే నాకు ఫోన్ చేశాడు. ఆ రైఫిలు ముదీర్‌ది కాదు, వాళ్ల నాన్నది. పాత గొట్టం తీయొద్దని ఆ ముసలాయన ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పి ఉన్నాడు.

వాళ్లు వచ్చేలోగా ఆ రైఫిలు సంగతి చెప్పాలి.

నేను విజయవాడలో ఒక దినపత్రికలో చాలాకాలం జిల్లా వార్తలు దిద్దాను. 2002లో అబుదాబి వచ్చి ఒక వ్యాపార సంస్థలో ఉత్తరాలు రాసే ఉద్యోగంలో చేరాను. వాళ్లు గుడారాలు, డేగల తలకి తొడిగే తోలు టోపీలు, కత్తులు, బైనాక్యులర్లు అమ్మేవారు. దుకాణం వెనక అద్దాల తలుపున్న ఒక గదిలో లైసెన్సు ఉన్నవాళ్లకి మాత్రమే వేట తుపాకులు చూపించేవారు. యజమానికి నలభై దాటి ఉంటాయి. అందరూ ముదీర్, అంటే మేనేజరు, అనేవారు, నేనూ అలాగే అనేవాణ్ణి. విశేషణాలు లేకుండా ఉత్తరం రాస్తానని ఆయనకి నేనంటే ఇష్టం. అది పత్రిక నేర్పిన పని, నా గొప్ప కాదు.

మిస్త్రీది కడప వైపు. అక్కడ అతని మేనమామకి లైసెన్సుతో తుపాకుల మరమ్మతు దుకాణం ఉండేది. పంట కాపలాకి రైతులు పెట్టుకునే ఒంటి గొట్టం తుపాకులు, బ్యాంకు కాపలావాళ్ల జోడు గొట్టాల తుపాకులు వచ్చేవట. పదేళ్లు అక్కడ పనిచేసి ఇటు వచ్చాడు. బనియాస్‌లో అతను, నేను, కరీంనగర్ నుంచి వచ్చిన మా ఆఫీసు డ్రైవర్ ఒకే గదిలో ఉండేవాళ్లం.

డ్రైవర్‌కి మిస్త్రీని చూస్తే నోరు ఊరుకునేది కాదు. "కడపోని చేతిల తుపాకి పెట్టిండ్రు. గీ ముదీర్‌కు మన ఊర్ల సంగతి ఎవలన్న చెప్పుండ్రి బై," అనేవాడు.

"నీకాడ బండి పెట్టినారు గదరా, దానికంటే నా తుపాకీ మేలు. అది ఒక్కసారికి ఒకన్నే సంపుతాది," అనేవాడు మిస్త్రీ.

ముదీర్ వాళ్ల నాన్న అప్పటికి ఎనభైకి దగ్గర్లో ఉన్నాడు. చమురు రాకముందు పడవలో ఖర్జూరాలు వేసుకుని బొంబాయి వెళ్లి, బియ్యం, బట్టలు తెచ్చేవాడు. అందుకే ఆయనకి హిందీ వచ్చు. మనకొచ్చే హిందీ కాదు, బొంబాయి రేవు హిందీ. ఆ రోజుల్లో అక్కడే ఆ రైఫిలు కొన్నాడు. ఎన్నో ఏళ్లు వాడి పక్కన పెట్టేశాడు. ఇప్పుడు చూపు తగ్గుతోంది కాబట్టి పూర్తిగా పోయేలోపు ఒకసారి దాన్ని భుజానికి ఆనించి కాల్చాలని కోరిక. కొడుకుతో చెప్పాడు, కొడుకు మా మిస్త్రీకి అప్పగించాడు.

రైఫిలు ఒంటి మీద పాయింట్ త్రీ నాట్ త్రీ అని చెక్కి ఉంది. అది పాత సైన్యాల తుపాకీ, దాని తూటాలు దొరుకుతాయి. ముదీర్ వాటిని తెప్పించాడు. గొట్టం లోపలంతా తుప్పుతో గుంటలు పడి ఉందని ఇంగ్లండ్ నుంచి అదే సైజు కొత్త గొట్టం కూడా ముందే తెప్పించి అలమరలో పెట్టాడు. తీరా చూస్తే ఆ తూటా రైఫిల్లోకి దూరలేదు. సగం దూరి ఆగిపోయింది.

మిస్త్రీ చిన్న లైటు వేసి లోపలికి చూశాడు. సీసం కరిగించి అచ్చు తీశాడు. అచ్చు అరచేతిలో పెట్టుకుని నన్ను పిలిచాడు.

"సార్, ఇది మనోళ్లది. మూడొందల పదిహేను."

పాయింట్ త్రీ ఫిఫ్టీన్ అనే మాట జిల్లా డెస్కులో నేను లెక్కలేనన్ని సార్లు దిద్దాను. పోలీసుల ప్రెస్ నోట్లలో వచ్చేది. త్రీ నాట్ త్రీ పోలీసుల దగ్గర, త్రీ ఫిఫ్టీన్ లైసెన్సుదారుల దగ్గర. సైన్యం వాడే తూటా మామూలు మనిషి దగ్గర ఉండకూడదని తెల్లవాళ్ల కాలంలో పెట్టిన నిబంధన తరవాత కూడా సాగింది. అందుకని మన దేశంలో త్రీ నాట్ త్రీ తుపాకీలకి గొట్టం మార్చి వేరే సైజు తూటాకి సరిపెట్టి అమ్మేవారు. బొంబాయి దుకాణంలో ముసలాయనకి అమ్మిందీ అలాంటిదే. ఒంటి మీద పాత అంకె అలాగే ఉండిపోయింది.

ముదీర్ సంబరపడ్డాడు. "అయితే ఇంకేం, అలమరలో ఉన్న గొట్టం బిగించు. మళ్లీ త్రీ నాట్ త్రీ అయిపోతుంది," అన్నాడు.

ముసలాయన ఒప్పుకోలేదు. ఆ గొట్టంతోనే కొన్నాడు, ఆ గొట్టంతోనే కాలుస్తాడు. "ఒళ్లు ఎవడైనా చేస్తాడు. మాట్లాడేది గొట్టం. వేరే గొట్టం పెడితే వేరేవాడు మాట్లాడినట్టే," అన్నాడు. కొడుకు ఎదురు చెప్పలేదు. తండ్రి మాట మీద అతను మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

అలా తూటా తొడుగుల వేట నా మీద పడింది. మందు, గుండు, అడుగున పేలే చిన్న మూత, ఇవన్నీ ఎలాగో సమకూరతాయి. వీటన్నిటినీ పట్టుకుని ఉండే ఇత్తడి తొడుగు మాత్రం ఆ సైజుదే కావాలి. దాన్ని మిస్త్రీ ఖోఖా అనేవాడు. ఇండియాలో వీటి లెక్కలు ఎంత కఠినమో తెలుసు కాబట్టి అటు రాయలేదు. ఆస్ట్రియాకి రాశాను. జర్మనీకి, అమెరికాకి రాశాను. ఒకరు ఆ సైజు చేయడం మానేసి తరాలు గడిచాయన్నారు. ఒకరు చేస్తామన్నారు గానీ దేశం దాటించడానికి తమకి అనుమతి రాదన్నారు. ఇంకొకరు లారీ నిండా కొనేవాడికే చేస్తామన్నారు. ఈలోగా మిస్త్రీ వేరే జాతి తొడుగుని ఆ రూపానికి తేవాలని చూశాడు. వేడి చేసి, మెత్తబరిచి, అచ్చులోకి నెట్టేవాడు. మెడ దగ్గర చీలేది. బల్ల మీద చీలిన ఇత్తడి తొడుగులు గిన్నె నిండా పోగయ్యాయి.

చివరికి జర్మనీ నుంచి ఒక పెద్దమనిషి మర్యాదగా జవాబిచ్చాడు. ఈ సైజు గురించి నన్నెందుకు అడుగుతున్నారు, ఇది లోకంలో ఎక్కడా లేకపోయినా ఇండియాలో ఇంకా ప్రతి తుపాకీ దుకాణంలోనూ అమ్ముతారు కదా అని. ముదీర్‌కి వచ్చిన ఉత్తరాలన్నీ చదివి వినిపించడం నా పని కాబట్టి అదీ చదివాను.

ముదీర్ పెద్దగా నవ్వాడు. నవ్వుతూ మిస్త్రీ వైపు తిరిగాడు. "నువ్వు సెలవు మీద వెళ్తున్నావు కదా. వచ్చేటప్పుడు ఒక గుప్పెడు తీసుకురా. తూటాలు వద్దు. ఖాళీవే."

ఆ మాటలో ముదీర్‌కి తప్పేమీ కనిపించలేదు. వాళ్ల దగ్గర ఖాళీ తొడుగులంటే ఇసకలో పడి ఉండే చెత్త. పెళ్లి విందులో సరదాకి గాలిలోకి కాల్చాక పొద్దున్నే తుడిచి పారేసేవి. మన దగ్గర అలా కాదు. లైసెన్సుదారు కొత్త తూటాలు కొనాలంటే పేల్చినవాటి ఖాళీలు తెచ్చి లెక్క అప్పజెప్పాలి. మిస్త్రీ మేనమామ దుకాణంలో ఒక తనిఖీ రోజున లెక్కలో లేని ఖాళీ ఖోఖా ఒకటి చీపురుకి దొరికింది. ఎవడో రైతు జేబులోంచి జారి ఉంటుంది. దుకాణానికి తాళం పడింది. మేనమామ వాయిదాలకి తిరిగి తిరిగి ముసలివాడయ్యాడు గానీ తాళం తీయించలేకపోయాడు. మిస్త్రీ అబుదాబి రావడానికి ఆ తాళమే కారణం.

ఇదంతా ముదీర్‌కి అతను చెప్పలేదు. "జీ ముదీర్," అన్నాడు.

గదికి వచ్చాక అన్నం ముందు కూర్చుని, తినకుండా నా వైపు చూశాడు.

"సార్, యాన్నించి తెచ్చేది? దొంగతనంగా కొనాల. కొన్యా చెన్నై ఎయిర్‌పోర్టులో మిషన్ కింద పెడ్తారు. దొరికితే నా బతుకు ఆడికి సరి. తేకుండా వస్తే ఈయప్ప ఏమంటాడో తెల్దు."

"కుదరదని చెప్పు. నేను ఇంగ్లీషులో చెప్తాను కావాలంటే," అన్నాను.

"వద్దు సార్. పాస్‌పోర్టు ఆయన కాడ ఉండాది. ముందు పోనీ నన్ను."

డ్రైవర్ పెరుగు కలుపుకుంటూ అన్నాడు. "ఏం పరేషాన్ గాకు. ఆవకాయ సీసల ముంచి తీస్కరా. కస్టమ్సోడు చెయ్యి పెడ్తడా? పెడితె వానికే మంట."

మిస్త్రీ నవ్వలేదు. "నీ మాటలకేం రా, నీకు వాయిదాలు తెల్దు," అన్నాడు.

రెండు మూడు రోజుల తరవాత ముదీర్‌తో నేనే మాట్లాడాను. ఇండియాలో చట్టం వేరు అని చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "ఖాళీ డబ్బా తెస్తే ఎవరు పట్టుకుంటారు? మీ వాళ్లు ప్రతిదానికీ భయపడతారు. బాబా అడిగాడు. ఇంక చెప్పకు," అన్నాడు. నేను మిస్త్రీకి ఆ మాట చెప్పాను. అతను తల ఊపి లేత్ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ తరవాత దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం ఒప్పుకోలు అనుకున్నాను.

మౌనంలో అతను తేల్చుకున్నది వైస్ ముందు నిలబడ్డ ఆ ఉదయం తెలిసింది. పాత గొట్టమే లేకపోతే ఆ తొడుగులతో పనే లేదు.

"వాళ్లకి చెప్పుకోడానికి ఏమైనా ఉందా?" అని అడిగాను.

అతను వంగి పాత గొట్టం తీసి నా చేతికిచ్చాడు. "తూటా కూర్చునే చోటికి కొంచెం ముందు ఏలు పెట్టి చూడండి సార్. ఉబ్బు ఉంది. కాలిస్తే పగులుతాది. ముసలాయన కన్ను పోతాది."

వేలు పెట్టి తడిమాను. ఉబ్బు ఉందంటే ఉంది, లేదంటే లేదు. లైటు కేసి పెట్టి చూస్తే తుప్పు తప్ప నాకేమీ కనిపించలేదు. ఆ ఉబ్బు మాట ఆ రైఫిలు మా దగ్గర ఉన్న నెలల్లో అతని నోట నేను వినడం అదే మొదటిసారి. అది నిజమా, దారి వెతుక్కున్నాడా అన్నది అప్పుడు అడగలేదు. షట్టర్ బయట బండి ఆగిన చప్పుడైంది.

ముందు ముదీర్ వచ్చాడు. చేతిలో కవరు, అందులో పాస్‌పోర్టు, టికెట్టు. వెనక డ్రైవర్ చేయి పట్టుకుని ముసలాయన. డ్రైవర్ షట్టర్ పూర్తిగా ఎత్తాడు. వెలుగు వైస్ మీద పడింది.

ముదీర్ ఒక్క చూపులో గ్రహించాడు. అరబ్బీలో ఏదో గట్టిగా అన్నాడు. మజ్నూన్ అన్న మాట ఒకటే నాకు అర్థమైంది. పిచ్చివాడు అని. కవరు మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. డ్రైవర్ నా వైపు చూశాడు.

ముసలాయనకి సరిగా కనపడలేదు. దగ్గరికి వచ్చి రైఫిలు మీద చేయి వేసి, గొట్టం వెంబడి వేళ్లు నడిపించాడు. సగం దూరం పోయాక ఆగాయి. కొత్త ఇనుము నున్నగా ఉంటుంది.

"ఎవరు తీశారు?" అన్నాడు హిందీలో.

"నేనే బాబా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు బాబా."

మిస్త్రీ తన దక్కనీ హిందీలోనే అన్నీ చెప్పాడు. ముందు ఉబ్బు సంగతి చెప్పాడు. పాత గొట్టం ముసలాయన చేతుల్లో పెట్టి వేలు అక్కడ ఆనించాడు. ముసలాయన తడిమాడు గానీ అవుననలేదు, కాదనలేదు. తరవాత మిస్త్రీ చీపురుకి దొరికిన ఖోఖా సంగతి, మేనమామ వాయిదాలు, తాళం చెప్పాడు. గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అంత మాట్లాడటం మూడేళ్లలో నేను వినలేదు.

"ఒక్క ఖాళీ ఖోఖాకి దుకాణం మూశారా?" అన్నాడు ముసలాయన.

"ఒక్కదానికే బాబా."

మేమంతా నిలబడే ఉన్నాం. ముదీర్ జేబు మీద చేయి అలాగే ఉంది. పాత గొట్టాన్ని ముసలాయన చంటిబిడ్డని పట్టుకున్నట్టు అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కోపంతో ఉన్నాడో, బొంబాయి దుకాణం తలుచుకుంటున్నాడో ముఖం చూసి చెప్పే వీలు లేదు.

"దీన్ని నేను ఇంటికి తీసుకెళ్తా," అన్నాడు పాత గొట్టం చూపించి. "ఆ రైఫిలూ బిగించి ఇవ్వు. ఇప్పుడే."

"టెస్ట్ చేయాలి బాబా. టైరుకి కట్టేసి, దూరంగా నిలబడి తాడుతో లాగాలి. రెండుసార్లు కాలిస్తే గానీ చేతికియ్యకూడదు."

"నాకంటే ముందు తాడు కాలుస్తుందా?" అన్నాడు ముసలాయన. ఆ మాటకి డ్రైవర్ ఒక్కడికే నవ్వొచ్చి తల తిప్పుకున్నాడు.

మిస్త్రీ కర్ర భాగం బిగించాడు. ముసలాయన రైఫిలు అందుకుని భుజానికి ఆనించి చూసుకున్నాడు. తరవాత తన కుడి భుజం పక్కన గాలిలో చేయి పెట్టి చోటు చూపించాడు. "నువ్వు వాపసు వచ్చి ఇక్కడ నిలబడు. అప్పుడు కాలుస్తా. గొట్టం మార్చినవాడు మొదటి దెబ్బకి పక్కన నిలబడాలి. బొంబాయిలో నాకు అమ్మినవాడు నిలబడ్డాడు."

కొడుకు వైపు తిరిగి, "వాడి కాగితాలు వాడికివ్వు," అన్నాడు.

ముదీర్ కవరు తీసి ఇచ్చాడు. తండ్రిని బండిలో కూర్చోబెట్టి, వెనక్కి వచ్చి నన్ను పక్కకి పిలిచాడు. గొంతు పెంచలేదు. "అతన్ని వెళ్లనివ్వు. బాబా ఆ రైఫిలు కాల్చి, ఏమీ కాకపోతే, నేను పిలుస్తాను. ముందు కాల్చాలి. అప్పటిదాకా రావద్దని చెప్పు."

"బాబా అతను వచ్చాకే కాలుస్తానంటున్నారు," అన్నాను.

"నేను విన్నాను," అన్నాడు ముదీర్. బండి ఎక్కాడు.

మర్నాడు విమానాశ్రయానికి వెళ్లే దారిలో మిస్త్రీకి ముదీర్ నాతో అన్న మాట చెప్పాను. ముసలాయన మాట అతని ఎదుటే అన్నది, కొడుకు మాట అతని చెవిన పడలేదు.

"అట్లయితే ఎట్ల సార్? ఈయన రమ్మంటాడు, ఆయన రావద్దంటాడు."

డ్రైవర్ అద్దంలోంచి చూస్తూ అన్నాడు. "తండ్రి కొడుకులు రాజీ పడతరు తియ్యి. ఆర్నెల్లు ఉన్నది గద."

ఆరు నెలలకి మించి దేశం బయట ఉంటే వీసా దానంతట అదే పోతుంది. అందరికీ తెలిసిన రూలే. అతనికి ఊళ్లో చేసుకోడానికి మేనమామ దుకాణం లేదు, దాని తాళం మాత్రం ఉంది. ఇంట్లో నలుగురు అతని జీతం మీద ఉన్నారు. అతను తిరిగి రావడం ఒక ముసలాయన వేలు మీద ఆధారపడింది.

శుక్రవారాలు ఫోన్ చేసేవాడు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"కాల్చినాడా సార్?"

"లేదు."

"గొట్టం బాగుంది సార్. గేజి పెట్టినా. బెంగ లేదని చెప్పండి."

ఆ గేజి అన్నది తూటా అడుగుకీ దాన్ని మూసే బోల్టుకీ మధ్య సందు కొలిచే ఉక్కు ముక్క. ఆ సందు వెంట్రుక వాసి ఎక్కువైనా తొడుగు వెనకనుంచి చీలి, కాల్చేవాడి ముఖానికి తగులుతుంది. గొట్టం బిగించే పనిలో అసలు పని అదేనని అతను ఎప్పుడూ చెప్పేవాడు.

నేను ముసలాయన దగ్గరికి వెళ్లాను. మజ్లిస్‌లో, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే హాల్లో, ఆయన కూర్చునే చోటికి ఎదురుగా, రెండు మేకుల మీద రైఫిలు ఉంది. పాత గొట్టం దాని కింద ఇంకో రెండు మేకుల మీద ఉంది. కాఫీ పోయించి, "మీ వాడు వచ్చాడా?" అని అడిగాడు. రాలేదన్నాను. ముదీర్ పెట్టిన షరతు చెప్పాను. కొడుకుతో మాట్లాడమని అడిగాను.

"దుకాణం వాడిది. రైఫిలు నాది," అన్నాడు.

ముదీర్‌కి ఈ మాట చేరవేశాను. ఆయన మొబైల్ చూసుకుంటూ, "బాబా ముందు కాల్చనీ," అన్నాడు. మళ్లీ వెళ్లాను, మళ్లీ వచ్చాను. ఇద్దరిలో ఎవరికీ మిస్త్రీ మీద పగ లేదు. ఉంటే బతిమాలడానికి ఒక దారి ఉండేదేమో.

నాలుగో నెల దాటాక ఫోన్లో అతని గొంతు మారింది.

"సార్, ఒక మాట. మీరు ఆడికి పోతాండారు గదా. బోల్టు మూసి చూడండి. గట్టిగా తగుల్తాందా, వదులుగా పోతాందా?"

"ఎందుకు?"

"ఊరికే సార్."

ముసలాయన అనుమతితో బోల్టు మూసి చూశాను. మూసుకుంది. గట్టిగానో వదులుగానో నాకు తెలియలేదు. అదే చెప్పాను.

"సార్, గేజి పెట్టినా. అది నిజం. పెట్టినాక ఇంకో పట్టు బిగించినా. బిగించినాక మళ్లా పెట్టినానో లేదో గురుతు రాల్యా. ఆ పొద్దు చెయ్యి ఒణుకుతా ఉండె. రోజూ అదే తలుచుకుంటాండా."

"మరొకరికి చూపిద్దామా?"

"చూపీండి. కాల్చొద్దని చెప్పండి సార్ ముసలాయనకి. నేనే కబురు పంపించినానని చెప్పండి."

"నువ్వు కాల్చొద్దంటే నీ వీసా పోతుంది."

"తెల్సు సార్. ఆయప్పకు కన్ను పోతే ఏం చేసేది?"

నేను ఉన్నదున్నట్టు ముసలాయనకి చెప్పాను. కొత్తగా చేరిన మెకానిక్‌ని తెచ్చి కొలిపించనా అని అడిగాను. ఆయన రైఫిలు వైపు చూసి, "వేరేవాడు ముట్టడు," అన్నాడు. తరవాత అన్నాడు, "నేను కాల్చనని మీ వాడికి చెప్పు. వాడు ఇక్కడ నిలబడేదాకా కాల్చనని మొదటే చెప్పాను కదా." మళ్లీ తన కుడి భుజం పక్కన గాలిలో చేయి పెట్టి ఆ చోటు చూపించాడు.

ముదీర్‌కి కూడా చెప్పాను. "అంటే అతనికే నమ్మకం లేదు," అన్నాడాయన.

ఆరో నెల వెళ్లిపోయింది. ఆ తరవాత శుక్రవారాలు ఫోన్ తగ్గింది. కడపలో పంపుసెట్ల లేత్ పనికి కుదిరాడని డ్రైవర్‌కి ఎవరో చెప్పారు. డ్రైవర్ అతని మంచం చాలా రోజులు ఎవరికీ ఇవ్వనివ్వలేదు. కొత్త మెకానిక్ వచ్చి అడిగితే, "ఆగు బై, ఆయన ఒక్క దెబ్బ కాల్చంగనే మా కడపాయన వస్తడు," అనేవాడు. చివరికి ఇచ్చేశాడు.

2008లో నేను అబుదాబి వదిలేముందు సెలవు చెప్పడానికి మజ్లిస్‌కి వెళ్లాను. ముసలాయన నన్ను గొంతు పట్టే గుర్తుపట్టాడు. రైఫిలు మేకుల మీదే ఉంది, కింద పాత గొట్టం ఉంది. త్రీ నాట్ త్రీ తూటాల పెట్టె పక్క గూట్లో, సీలు తీయకుండా ఉంది. ఆ కొత్త గొట్టంలోంచి అప్పటికి ఒక్క తూటా కూడా పోలేదు. అది సరిగా కూర్చుందో లేదో ముసలాయనకీ తెలియదు, కొడుక్కీ తెలియదు, బిగించినవాడికీ తెలియదు.